అరచేతిలో పేకాట – చట్టం ఏమంటున్నది?

(రేడియో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



2025 దసరాకు నేను మర్రిగూడ వెళ్ళాను. నల్లగొండ జిల్లాలోని ఊరు అది. హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు మీద మాల్ దాకా పోయి లోపలికి తిరగాలి. మెట్ట భూములు, వానను నమ్ముకున్న సేద్యం. అందుకని చాలా ఇళ్ళలో ఒకరైనా పట్నంలో పని చూసుకున్నారు. పండుగకు మాత్రం అందరూ దిగుతారు. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్ళమంతా పూలు సర్దుకుంటూ ఉంటే ఒక పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చున్నది. తంగేడు పూలు గుత్తులు కడుతూ మెల్లగా అడిగింది:

“బిడ్డా, నువ్వు రేడియోల మాట్లాడుతవట గదా. ఫోనుల పేకాట సర్కారు బందు పెట్టిందని అందరంటున్నరు. బందైతే మరి మా పిలగాని జీతం నెలనెలా యాడికి పోతున్నది?”

పిలగాడంటే ఆమె మనుమడు. పట్నంలో కారు నడుపుతాడు. భార్య ఉంది, రెండేళ్ళ పాప ఉంది. ఒకటో తారీకున జీతం వస్తుంది, పదో తారీకుకు కిరాణా కొట్టులో బాకీ మొదలవుతుంది. తాగడు, సిగరెట్టు ముట్టడు, స్నేహితులతో తిరగడు. రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని ఫోను చూసుకుంటాడు, అంతే.

ఆ పూట నేనేదో సర్దిచెప్పి లేచాను గాని, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ గొడవ పల్లెటూళ్ళదే కాదు. మన వీధుల్లో, మన అపార్టుమెంట్లలో, చదువుకున్న పిల్లల చేతుల్లో కూడా ఇదే ఆట నడుస్తున్నది. కనుక ఈ రోజు ఆ పెద్దమ్మ ప్రశ్నకే జవాబు వెతుకుదాం. ఈ ఆట ఏమిటి? చట్టం ఏమంటున్నది? చట్టం ఉండి కూడా డబ్బు ఎలా పోతున్నది? ఇంట్లో మనం చేయగలిగిందేమిటి?

ముందు పాత పేకాట సంగతి చూద్దాం. పేకాట మనకు కొత్త కాదు. చావడి అరుగు మీద, పెళ్ళి వారి విడిదిలో, దసరా సెలవుల్లో మగవాళ్ళు ముక్కలు పంచుకోవడం మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మనమూ పచ్చీసు ఆడాం, అష్టాచెమ్మా ఆడాం. ఆ పేకాటలో కూడా పొలం రాసిచ్చినవాళ్ళున్నారు, నగలు తాకట్టు పెట్టినవాళ్ళున్నారు. అది మంచిదని నేననను. కాని ఆ ఆటకు చేను చుట్టూ ఉన్నట్టు నాలుగు గట్లుండేవి. పొద్దు గూకితే ఆట ఆగేది, అదొక గట్టు. జేబులో పైసలు అయిపోతే లేవాల్సిందే, అది రెండోది. ఆడేవాళ్ళందరూ ఎరిగినవాళ్ళే, మరీ మితిమీరితే ఎవరో ఒకరు ఇంట్లో చెప్పేవారు, అది మూడోది. చిన్నపిల్లలు దగ్గరికొస్తే కసిరి పంపేవారు, అది నాలుగోది.

ఫోను వచ్చి ఈ నాలుగు గట్లనూ ఒకేసారి తెంపేసింది. అర్ధరాత్రి రెండు గంటలకు కూడా ఎదురుగా ఆరుగురు ఆటగాళ్ళు సిద్ధంగా ఉంటారు. జేబు ఖాళీ అయితే బ్యాంకు ఖాతా ఉంది, అదీ అయిపోతే నిమిషంలో అప్పిచ్చే యాప్ ఉంది. ఎదుటివాడెవరో తెలియదు. అవతల కూర్చున్నది పదహారేళ్ళ పిల్లవాడైనా పట్టించుకునేవాడు లేడు.

ఇక ఆ ఆటల వివరం. మనవాళ్ళు ఎక్కువగా ఆడేది రమ్మీ. పదమూడు ముక్కలు పంచుకుని, వరసలు కట్టి షో చెప్పడం. ఉద్యోగాల్లో ఉన్న కుర్రవాళ్ళలో పోకర్ అనే ఆట కూడా పాకింది. ఇందులో అందరికీ తెలిసిన పద్ధతిలో మనిషికి రెండేసి ముక్కలు మూసి ఇస్తారు, మధ్యలో అయిదు ముక్కలు విడతలు విడతలుగా తెరుస్తారు. ఏడింటిలోంచి మంచి అయిదు ఏరుకోవాలి. ముక్క తెరిచినప్పుడల్లా పందెం పెంచవచ్చు, లేదా వదిలేసి తప్పుకోవచ్చు. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు బుకాయించి ఎదుటివాణ్ణి బెదరగొట్టవచ్చు. లెక్క తెలిసినవాడు, మనిషిని చదవగలిగినవాడు ఎక్కువ సార్లు గెలుస్తాడు. అందుకే ఆడేవాళ్ళు “ఇది జూదం కాదు, తెలివితేటల ఆట” అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కాని అసలు కీలకం మరో చోట ఉంది.

చీటీల లెక్క వేసుకున్నట్టు ఒక్క నిమిషం లెక్క వేద్దాం. ఆరుగురు కూర్చున్నారు. తలా వంద రూపాయలు వేశారు. మొత్తం 600. ఆడించే కంపెనీ అందులోంచి పదో వంతు తన వాటాగా తీసుకుంటుందనుకోండి. అరవై పోయింది, గెలిచినవాడికి 540 వచ్చింది. ఆరు ఆటలాడారు. ఆరుగురూ సమానమైన తెలివిగలవాళ్ళు, ఆరుగురూ ఒక్కొక్కసారి గెలిచారు. అంటే ఎవరూ ఎవరి చేతిలోనూ ఓడలేదు కదా? అయినా ఒక్కొక్కరూ పెట్టింది 600, తెచ్చుకున్నది 540. ప్రతివాడి జేబులోనూ అరవై తక్కువ. కంపెనీ గల్లాలో 360. ఆ ఆరు ఆటలూ ముగియడానికి అరగంట చాలు. ఇలా రాత్రంతా ఆడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. వాటా అయిదు శాతమైనా, పదిహేను శాతమైనా తేడా వేగంలోనే, దారి మాత్రం అదే. బల్ల మీద ముక్క ఎవరికి పడినా, ఎప్పుడూ ఓడనివాడు ఒక్కడే – బల్ల వేసినవాడు.

ఇది ఈనాటి కనిపెట్టుడు కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో జూదం మీద అధికారిని నియమించే ఏర్పాటు ఉంది. ఆట ఒకే చోట, ఆయన కళ్ళ ముందు జరగాలి. గెలిచిన సొమ్ములో నూటికి అయిదు ఖజానాకు కట్టాలి. పాచికలకు అద్దె వేరు, నీళ్ళకూ చోటుకూ రుసుము వేరు. ఈనాడు మనం లైసెన్సు, నియంత్రణ, పన్ను అనేవన్నీ అందులో ఉన్నాయి. మాన్పించలేనిదాన్ని ఒక చోటికి చేర్చి కాపలా పెట్టాలా, లేక పూర్తిగా మూసేయాలా అన్న వాదన అంత పాతది.

ఇప్పుడు మన ప్రాంతం సంగతికి వద్దాం. నిజాము కాలంలో హైదరాబాదు రాజ్యానికి సొంత జూదం చట్టం ఉండేది. ఫసలీ 1305లో వచ్చింది, అంటే ఇంగ్లీషు లెక్కలో 1895–96. ఆ చట్టం కిందనే, రాష్ట్రాలు కలిసిన తర్వాత కూడా, ఒక కేసు నడిచి దేశమంతటికీ దారి చూపింది. 1963 మే నెలలో సికిందరాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. కొందరు పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు. హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడుముక్కలాట లాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక ఇందులో నైపుణ్యమే ఎక్కువ అన్నారు న్యాయమూర్తులు. ప్రభుత్వం అప్పీలు పోయింది.

ఈ తీర్పులో మొదటి సగం అందరికీ కంఠపాఠం. రమ్మీ కంపెనీలు ప్రకటనల్లో చెప్పుకున్నది అదే. కాని రెండో సగం ఎవరూ చెప్పరు. ఇల్లు గాని క్లబ్బు గాని నడిపేవాడు పందెం ఆట మీద తాను లాభం తీస్తున్నట్టు రుజువైతే, అప్పుడు నేరం అవుతుందని కూడా అదే తీర్పులో ఉంది. క్లబ్బులో కుర్చీకీ ముక్కలకూ తీసుకునే కొద్దిపాటి రుసుము వేరు, ప్రతి ఆటలోనూ వాటా లాగడం వేరు. ఇందాక మనం వేసిన అరవై రూపాయల లెక్క గుర్తుంది కదా? న్యాయమూర్తుల కన్ను దాని మీద అప్పుడే పడింది.

ఆ తర్వాత 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. నైపుణ్యంతో ఆడే ఆటలకు ఈ చట్టం వర్తించదని అందులో ఒక సెక్షను పెట్టారు. తెలంగాణ ఏర్పడిన తర్వాత ఇక్కడా అదే చట్టం కొనసాగింది. చావడి అరుగును, క్లబ్బు గదిని దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టం అది. ఫోను వచ్చేసరికి ఆ ఒక్క సెక్షనే పెద్ద దర్వాజా అయింది. రమ్మీ నైపుణ్యమని సుప్రీంకోర్టు చెప్పింది, నైపుణ్యానికి చట్టం అడ్డు లేదు, కనుక మేం దర్జాగా ఆడిస్తాం అన్నాయి కంపెనీలు. టీవీలో ప్రకటనలు, కొత్తగా చేరినవాళ్ళకు బోనసు, సంక్రాంతికి స్పెషలు పోటీలు.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ దర్వాజా మూసింది. అదే ఏడాది దాన్ని సవరణ చట్టం చేసింది. ఇప్పుడు లెక్క మారింది. ఫలితం ముందుగా తెలియని దాని మీద డబ్బు పణంగా పెడితే, ఆటలో నైపుణ్యం ఉన్నా అది జూదమే. ఇంటర్నెట్టులో ఆడినా జూదమే. మన దేశంలో ఫోను రమ్మీని, పోకర్‌ను ఇలా మూసిన మొదటి రాష్ట్రాల్లో మనది ఒకటి. కంపెనీలు కోర్టుకెక్కాయి. ఒక వైపు కేసులు నడుస్తుండగానే, ఆటగాడు తెలంగాణలో ఉన్నట్టు ఫోను చెబితే పైసల ఆట తెరుచుకోకుండా చేశాయి. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా అలాగే ఆర్డినెన్సు తెచ్చింది.

ఇదంతా ఒక్కో రాష్ట్రం విడివిడిగా ఎందుకు చేసుకోవాలి అని మీకు అనుమానం రావచ్చు. మన రాజ్యాంగంలో పందేలు, జూదం అనేవి రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. అందుకే ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. సిక్కిం 2008లోనే ఆన్‌లైన్ ఆటలకు లైసెన్సులిచ్చే చట్టం చేసింది. నాగాలాండ్ 2015లో చేసిన చట్టం పోకర్, రమ్మీలను నైపుణ్యం ఆటల పట్టీలో చేర్చి లైసెన్సు పద్ధతి పెట్టింది. గుజరాత్ హైకోర్టు 2017 డిసెంబరులో పోకర్ జూదమే అన్నది. కర్ణాటక నిషేధం తెస్తే 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టేసింది. అదే ముక్క, అదే ఆట. సరిహద్దు ఒక అడుగు దాటితే నేరం వ్యాపారం అవుతుంది, వ్యాపారం నేరం అవుతుంది.

మనకు పొరుగున ఉన్న తమిళనాడు అనుభవం ఆసక్తిగా ఉంటుంది. వాళ్ళూ మొదట మనలాగే మూసేయబోయారు. 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు ఆ చట్టం కొట్టేసింది. మళ్ళీ ఇంకో చట్టం చేశారు. 2023 నవంబరులో హైకోర్టు అదృష్టం ఆటల మీద నిషేధం ఒప్పుకుని, రమ్మీ, పోకర్‌లను మాత్రం నైపుణ్యం ఆటలని వదిలేసి, వాటిని నియంత్రించుకోండి అన్నది. సరే, నియంత్రిస్తామని 2025లో నిబంధనలు పెట్టారు. అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5 దాకా ఆట బంద్. ఆధార్‌తో మనిషెవరో తేల్చుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు రాకూడదు. రోజుకు, వారానికి, నెలకు ఇంతే అని డబ్బు హద్దు పెట్టుకునే వీలు ఉండాలి. గంట దాటి ఆడితే అరగంటకొకసారి తెర మీద హెచ్చరిక పడాలి. 2025 జూన్‌లో హైకోర్టు వీటిని సమర్థించింది.

ఈ నిబంధనలు ఒకసారి మళ్ళీ చూడండి. వేళకు గట్టు, డబ్బుకు గట్టు, మనిషెవరో తెలియడానికి గట్టు, వయసుకు గట్టు. చావడి అరుగు మీద తమంతట తామే ఉన్న నాలుగు గట్లను చట్టం మళ్ళీ మట్టి మోసి పోస్తున్నది. నియంత్రణ అంటే ఇంతకన్న ఏమీ లేదు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఇదే పని ఇంకా ముందు చేసింది. ఎడిసన్ వైపు మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మీలో కొందరి పిల్లలూ అక్కడే ఉండి ఉంటారు. 2013 ఫిబ్రవరిలో అక్కడి గవర్నరు సంతకం చేస్తే నవంబరు నుంచి ఫోనులో, కంప్యూటరులో పోకర్ చట్టబద్ధం అయింది. ఆడేవాడికి 21 ఏళ్ళు నిండాలి. ఆ నిమిషానికి అతను న్యూజెర్సీ గడ్డ మీదే ఉండాలి, పొరుగున న్యూయార్కులో ఉంటే తెర తెరుచుకోదు. ఆడించే లైసెన్సు అట్లాంటిక్ సిటీలోని కేసినోలకే. ఆ ఆదాయం మీద మొదట్లో 15 శాతం పన్ను. వీటన్నిటికన్నా నాకు నచ్చింది ఒకటుంది. “నన్ను ఆడనివ్వకండి” అని ఎవరైనా తమంతట తామే పేరు రాయించుకోవచ్చు. ఏడాది గాని, అయిదేళ్ళు గాని. గడువు తీరేదాకా ఏ సైటూ అతన్ని లోపలికి రానివ్వకూడదు. అయితే ఒకే రాష్ట్రంలో ఆడేవాళ్ళు సరిపోక, నెవాడా, డెలావేర్ రాష్ట్రాలు ముందే కుదుర్చుకున్న ఒప్పందంలో 2017లో న్యూజెర్సీ కూడా చేరింది. బల్ల చుట్టూ కొత్త మనుషులు వస్తూ ఉంటేనే ఆడించేవాడికి గిట్టుబాటు. ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

లైసెన్సు ఇచ్చినా గట్లు పోస్తుంది గాని, ప్రతి ఆటలో పోయే వాటాను ఆపదు. పైగా సర్కారు కూడా ఇంకో చెయ్యి చాపుతుంది. మన దేశంలో 2023 అక్టోబరు 1 నుంచి ఆటలో వేసే డబ్బు మొత్తం మీద 28 శాతం జి.ఎస్.టి. పెట్టారు. అంటే అప్పట్లో వంద రూపాయలు వేస్తే అందులో పన్ను పోను మిగిలింది సుమారు 78. నికరంగా గెలిచినదాని మీద 30 శాతం ఆదాయపు పన్ను వేరే. కంపెనీ వాటా, జి.ఎస్.టి., ఆదాయపు పన్ను – ఇన్ని చిల్లులున్న కుండలో నీళ్ళు నిలుస్తాయని నమ్మేవాడి తెలివిని నైపుణ్యం అనవచ్చునా?

చివరికి కేంద్రమే కదిలింది. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆమోదించాయి. 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న యాభై ఏళ్ళ తగవును పక్కకు నెట్టి, డబ్బు పెట్టి ఆడేది ఏదైనా కూడదన్నారు. అలాంటి ఆట నడిపినవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన ఇచ్చినవాడికి రెండేళ్ళ దాకా, 50 లక్షల దాకా. డబ్బు చేరవేసే బ్యాంకులకు, సంస్థలకు కూడా శిక్ష ఉంది. ఆడినవాడికి మాత్రం ఈ చట్టంలో శిక్ష లేదు, అతన్ని నష్టపోయినవాడిగానే చూశారు. మన 1974 చట్టం అలా కాదు, జూదపు ఇంట్లో ఆడుతూ దొరికినవాణ్ణి కూడా శిక్షిస్తుంది. కేంద్రం చట్టం రాగానే పేరున్న కంపెనీలు పైసల ఆటలు ఆపేశాయి. కొన్ని కోర్టుకూ వెళ్ళాయి. ఆ కేసులను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికే తెప్పించుకుంది.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వద్దాం. అంతా బందైతే జీతం యాడికి పోతున్నది?

పేరున్న కొట్టు మూస్తే పేరు లేని కొట్టు తెరుచుకుంటుంది. విదేశాల్లో కూర్చుని నడిపే సైట్లున్నాయి. వాటికి మన చట్టం చెయ్యి అందడం కష్టం. ఈ వేళ ఒక పేరు మూయిస్తే రేపు ఇంకో పేరుతో వస్తాయి. మెసేజిలో లింకు వస్తుంది. డబ్బు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఖాతాకు యు.పి.ఐ.లో పంపమంటారు. అక్కడ ముక్కలు నిజంగా కలుపుతున్నారో లేదో, ఎదురుగా ఆడేది మనిషో యంత్రమో చూసే అధికారి లేడు. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే అడగడానికి దిక్కు లేదు. ఇలాంటి యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో మియాపూర్ పోలీసులు సినిమావాళ్ళ మీద కూడా కేసు నమోదు చేశారు. మూసేయడంలో ఉన్న కష్టం ఇది. నిజాయితీగా నడిచే దుకాణం చట్టం చెబితే మూతపడుతుంది, దొంగ దుకాణానికి చట్టం చెవిన పడదు.

అట్లా అని చట్టం వృథా అనుకోకండి. మర్రిగూడ వైపు ఒకప్పుడు బోరు నీళ్ళలో ఫ్లోరైడు. నీళ్ళు చూస్తే తేటగానే ఉండేవి. రుచిలో తేడా తెలిసేది కాదు. ఏళ్ళు గడిచాక పళ్ళు గారపట్టేవి, ఎముకలు వంగేవి. “ఆ నీళ్ళు తాగొద్దు” అని గోడ మీద రాస్తే సరిపోలేదు. కృష్ణా నీళ్ళు నల్లాల్లో రావాలి, ఇంట్లో ఆడమనిషి ఏ బిందె తాగడానికో ఏ బిందె వాడకానికో విడిగా పెట్టాలి. రెండూ కావాలి. చట్టం బయట చేసే పని చేస్తుంది. బిందె మన చేతిలో ఉంది.

కనుక ఇంట్లో గమనించవలసినవి చెబుతాను. రాత్రిళ్ళు ఫోనుతో మెలకువ, దగ్గరికి వెళితే తెర తిప్పేయడం, జీతం వచ్చిన వారంలోనే డబ్బు లేదనడం, చిన్న చిన్న మొత్తాలు తెలియని పేర్లకు పోవడం, ఒక రోజు అకారణంగా సంబరం, మర్నాడు అకారణంగా కోపం. ఇవన్నీ కలిసి కనిపిస్తే అనుమానించండి. ఒక్కటి కనిపించగానే ఇల్లు రచ్చ చేయకండి.

తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఇది చెడ్డతనం కాదు, జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల పట్టీలో జూద వ్యసనాన్ని, అందులో ఆన్‌లైన్ జూదాన్ని చేర్చింది. పోయినదాన్ని మళ్ళీ గెలుచుకుని అప్పుడు మానేస్తానని అనుకోవడమే ఆ జబ్బు లక్షణం. అందుకే “ఈ ఒక్కసారికి బాకీ తీర్చేద్దాం” అని మీ గొలుసు తీసి ఇవ్వకండి. ముందు లెక్క, తర్వాత సాయం. మూడు నెలల బ్యాంకు కాగితం ముందు పెట్టుకుని ఇద్దరూ కలిసి పెన్సిలుతో గీతలు గీయండి. ఎంత పోయిందో అతనికే తెలిసి ఉండదు. జీతం మరో ఖాతాలో పడేటట్టు, యు.పి.ఐ.కి రోజు హద్దు తగ్గించేటట్టు బ్యాంకులో అడగండి. కేంద్రం నడిపే టెలి మానస్ నంబరు 14416. ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళ్ళడం సిగ్గుపడే పని కాదు.

అప్పుల విషయంలో ఒక సంగతి తెలిసి ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పందెంలో ఓడిన బాకీ అంటూ ఎవరూ కోర్టులో దావా వేసి వసూలు చేయలేరు. కాని పందెం ఆడడానికి వేరేవాడి దగ్గర తెచ్చిన అప్పు అప్పే, అది ఊరికే పోదు. అప్పిచ్చే యాప్‌లు మీ ఫోనులోని పేర్ల పట్టీ చూడకూడదని 2022లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బంధువులకు ఫోన్లు చేసి పరువు తీస్తామని ఎవరైనా బెదిరిస్తే బెదరకండి. సైబరు నేరాల నంబరు 1930కి చెప్పండి. మోసపోయి డబ్బు పంపినా, ఎంత త్వరగా ఆ నంబరుకు చెబితే అంత మంచిది. పరువు పోతుందని దాచిన రోజులే అప్పును పెంచుతాయి.

పిల్లల విషయంలో ఇంకో మాట. ఇందాకటి అరవై రూపాయల లెక్క వాళ్ళ చేత చింతగింజలతో చేయించండి. ఆరుగురు పిల్లలు, తలా పది గింజలు, ఒక్కో ఆటకు ఒక్కో గింజ వెయ్యాలి. ఆట అయినప్పుడల్లా ఆ ఆరింటిలోంచి ఒక గింజ మీ కొంగులో వేసుకోండి, మిగిలినవి గెలిచినవాడికి ఇవ్వండి. వాళ్ళ గింజలు తగ్గిపోతుంటాయి, మీ కొంగు నిండుతుంటుంది. “అమ్మా, నువ్వు ఆడకుండానే గెలుస్తున్నావే!” అని ఎవడో ఒకడు అంటాడు. ఆ మాట వాడి నోట వచ్చిందంటే పాఠం అయిపోయినట్టే.

పండుగ తర్వాత నేను పెద్దమ్మకు ఫోను చేసి ఈ సంగతులన్నీ చెప్పాను. ఆమెకు చట్టాల పేర్లు అక్కరలేకపోయాయి. కొంగులో గింజల లెక్క మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నది. “అయితే వాడు ఆడుతలేడు బిడ్డా, వాన్ని ఆడిస్తున్నరు” అన్నది. మనవరాలి వరసైన ఆ కోడలు పిల్ల, మనుమడూ కూర్చుని బ్యాంకు కాగితం చూసుకున్నారట. పోయినవి తిరిగి రాలేదు, బాకీ ఇంకా తీరుతూనే ఉన్నది. కాని జీతం ఇప్పుడు ఆ పిల్ల ఖాతాలో పడుతున్నది, రాత్రి ఫోను వంటింట్లో గూట్లో పెడుతున్నారు.

చట్టం రాష్ట్రానికో తీరుగా ఉండవచ్చు, కోర్టుకో తీరుగా మారవచ్చు. లైసెన్సు ఇచ్చిన చోటా, మూసేసిన చోటా మారనిది ఒక్కటే, బల్ల వేసినవాడి వాటా. మీ ఇంట్లో ఎవరైనా “ఇది తెలివితేటల ఆట” అంటే వాదించకండి. “సరే, మరి ఆడకుండా గెలిచేది ఎవరు?” అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోండి.